చాటలో సౌదీ రోడ్డు

సౌదీ అరేబియా దేశం మొత్తం ఆ పొద్దున సుజాత ఒళ్లో ఉన్న బీడీల చాటలో పట్టింది.

చాటకు ఈ చివర ఒక తునికాకు. అది ఎడారి. ఆమె మొగుడు హన్మంతు గొర్రెలు కాసే గుడారం అక్కడుంది. ఆ చివర తంబాకు డబ్బా మూత. అది జిద్దా, సముద్రపు ఒడ్డున విమానాలు ఎగిరే ఊరు. రెండింటికీ మధ్య బీడీలు కట్టే దారం పరిచింది. అదే రోడ్డు.

"గింతే దూరమా చిచ్చా?"

"నీ చాట చిన్నగున్నది బిడ్డా," అన్నాడు బుర్హానుద్దీన్. "ఆకును గీ కోరుట్లల పెట్టి, మూతను తీస్కపోయి ఢిల్లీకాడ పెట్టు. గంత దూరం. నడుమ చెట్టుండదు, చాయ్ ఉండదు, అడుగుదామంటే మనిషి కానరాడు."

బుర్హానుద్దీన్ ఆ రోడ్డు మీద పద్దెనిమిదేళ్లు ట్రైలర్ నడిపి వచ్చినవాడు. ఇప్పుడు కోరుట్లలో మెట్‌పల్లి రోడ్డు మీద పంక్చర్ దుకాణం పెట్టుకున్నాడు. సకల జనుల సమ్మె మొదలయ్యాక రోడ్డు మీద బండి లేదు, బండి లేనిచోట పంక్చర్ లేదు. సుజాత పనిచేసే బీడీల కార్ఖానా కూడా మూతపడింది. తెలంగాణ కోసం ఊరంతా పని మానుకుని కూర్చుంది కాబట్టి వీళ్లిద్దరికీ సౌదీ గురించి ఆలోచించే తీరిక దొరికింది.

తీరిక ఉంది కానీ గడువు లేదు. హన్మంతు విమానం రేపు శుక్రవారం రాత్రి జిద్దాలో లేస్తుంది.

డ్రైవర్ పని అని చెప్పి ఏజెంటు పంపితే, హన్మంతు అక్కడ దిగి చూసేసరికి స్టీరింగ్ లేదు, గొర్రెలున్నాయి. మూడేళ్లు కాశాడు. ముసలి యజమాని మంచాన పడి మందను అమ్మేశాడు. ఆయన కొడుకు హన్మంతు పాస్‌పోర్టు మీద ఇంటికి వెళ్లే ముద్ర వేయించి, టికెట్ కొని చేతిలో పెట్టి, ఇక నీ దారి నువ్వు చూసుకో అని వెళ్లిపోయాడు. ఆ ముద్ర శుక్రవారంతో చెల్లిపోతుంది. శనివారం మందను కొన్నవాడు లారీ తెస్తాడు. హన్మంతు ఇంకా అక్కడే ఉంటే గొర్రెలతోపాటు గొర్రెలకాపరి కూడా లారీ ఎక్కాల్సిందే. అది ఏ ఎడారికి పోతుందో, హన్మంతు మళ్లీ ఎన్నేళ్లకు ఇల్లు చేరతాడో చెప్పగలవాళ్లు లేరు.

పోనీ బస్సు ఎక్కుదామంటే గుర్తింపు కార్డు యజమాని తీసేసుకున్నాడు. అది లేకుండా టికెట్ ఇవ్వరు. టాక్సీ అంటే సుజాతకు భయం. హన్మంతు మంచివాడు. భయమంతా అక్కడే. జగిత్యాల బస్టాండుకు దారేదని ఎవరినైనా అడిగితే, వాళ్లు చాయ్ తాగుదాం రమ్మన్నారని వాళ్లింటికి వెళ్లి కూర్చునే రకం. బీర్పూర్ మనిషొకడు నిరుడు అట్లాగే తెలియని టాక్సీ ఎక్కి, సంచీ పోగొట్టుకుని, ఇసుకలో చెప్పులు లేకుండా నిలబడ్డాడు.

"మనోళ్ల బండ్లే ఎక్కాలె," అని సుజాత నిన్ననే తీర్మానించింది. కోరుట్ల నుంచి కోనరావుపేట దాకా ఇంటికొకడు అక్కడే ఉన్నాడు. వాళ్లందరినీ ఒక దారానికి గుచ్చితే ఎడారి నుంచి సముద్రం దాకా సరిపోరా?

సరిపోయారు. సుజాత దారం మీద మొదటి బీడీ పెట్టింది. అది కథలాపూర్ రాజమణి మొగుడి నీళ్ల ట్యాంకరు. ఈ పూట గుడారానికి వచ్చి హన్మంతును పెద్ద రోడ్డు దాకా తెస్తుంది. రెండో బీడీ బుర్హానుద్దీన్ పెద్దకొడుకు ఒవైస్ ట్రైలరు. పెద్ద రోడ్డు మీద పెట్రోల్ బంకు దగ్గర ఎక్కించుకుని, రాత్రంతా నడిపి, రేపు మధ్యాహ్నానికి తాయిఫ్ చేరుస్తుంది.

"గాడికెళ్లి మావోడు తీస్కపోలేడు," అన్నాడు బుర్హానుద్దీన్ దారాన్ని వేలితో రెండు పాయలు చేస్తూ. "వాని లోడు మక్కాకు. మక్కా రోడ్డుకు ముసల్మానులే పోవాలె. తక్కినోళ్లకు పక్కరోడ్డున్నది, గుట్ట దిగి సక్కగ జిద్దాకు పోతది."

మూడో బీడీ సిరిసిల్ల బాలకిషన్. తాయిఫ్‌లో కూరగాయల సేటు దగ్గర చిన్న ట్రాలీ నడుపుతాడు. బుర్హానుద్దీన్ చేతి కింద బండి నేర్చుకున్నవాడు. శుక్రవారం సెలవు, ట్రాలీ వాడి దగ్గరే ఉంటుంది.

"సెలవు దినం గనుక ఖాళీగుంటడు," అని సుజాత మూడో బీడీ కూడా పెట్టి, తృప్తిగా చాటను చూసుకుంది. తర్వాత హన్మంతుకు ఫోన్ కొట్టింది. అతని ఫోన్‌కు సిగ్నల్ రావాలంటే నీళ్ల తొట్టి పైకెక్కి నిలబడాలి.

"ఎక్కినవా?"

"ఎక్కిన. గొర్రెలన్ని నన్నే సూస్తున్నయి. ఇయ్యాల పోతున్ననని ఎర్కైనట్టున్నది వాటికి."

"గొర్రెల ముచ్చట మల్ల చెప్పు. ఎవల బండెక్కుతవు?"

"రాజమణి మొగనిది. గటెన్క ఒవైస్‌ది. గటెన్క బాలకిషన్‌ది, కూరగాయల ట్రాలీ."

"నడుమ ఇంకెవలన్న ఎక్కుమంటే?"

"మంచోళ్లైతే..."

"మంచోళ్లైనా ఎక్కద్దు!" అని అరిచింది సుజాత. "దేవుడే జీపేసుకొని అచ్చినా ఎక్కద్దు. ఇనవడ్డదా?"

"ఇనవడ్డది. గొర్రెలకు గూడ ఇనవడ్డది."

మిగిలింది బాలకిషన్‌కు ఒక మాట చెప్పడమే. బుర్హానుద్దీన్ ఫోన్ కలిపి, మీసం దువ్వుకుంటూ మొదలుపెట్టాడు. రెండు నిమిషాల్లో మీసం మీది చెయ్యి కిందికి దిగింది.

"ఏందట?" అంది సుజాత.

"రాడట."

"ఎందుకు రాడు? సెలవే గదా!"

"గందుకే రాడట. వారమంత సేటు బండి నడుపుతడట, గది బానిస పని, తప్పదట. శుక్రవారం ఒక్కటే తన దినం. గా దినం వాడు సమ్మెల ఉంటడట."

"సౌదీల సమ్మెనా!"

"రూముల జై తెలంగాణ అని బ్యానర్ కట్టుకొని, పొద్దుగూకేదాక ఉపాసం కూసుంటడట. సమ్మె అయ్యేదాక తన దినం నాడు స్టీరింగ్ ముట్టనని ఒట్టేసుకున్నడు. వాని పెండ్లాం కొమురవ్వ సిరిసిల్ల సమ్మె టెంటుల మైకుల చెప్పింది. వాని ఫొటో ఫ్లెక్సీ మీదికెక్కింది. 'చిచ్చా, గా టెంటోళ్లు సరే అంటే వస్త. లేకుంటె మా ఊర్ల మొకం ఎట్ల జూపెట్టాలె' అంటున్నడు."

సుజాత మూడో బీడీ వైపు చూసింది. శుక్రవారం ఖాళీగా ఉంటాడని తానే లెక్క వేసింది. ఊరు ఊరంతా పని మానుకున్న ఈ రోజుల్లో, పని లేని మనిషే అందరికంటే పట్టుదలగా ఉంటాడని తట్టలేదు.

కొమురవ్వకు ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. బొగ్గు గనులు సమ్మెలో ఉన్నాయి, కరెంటు లేదు, సిరిసిల్లలో సగం ఫోన్లు చచ్చి పడున్నాయి.

"చిచ్చా, నీ స్కూటర్ల పెట్రోల్ ఉన్నదా?"

"ఉన్నది. కని రోడ్డు మీద అన్ని అడ్డం పెట్టిన్రు గద బిడ్డా."

"సౌదీ రోడ్డు దాటిస్తున్నం, సిరిసిల్ల రోడ్డు దాటలేమా?"

*

కథలాపూర్ దాకా బాగానే వెళ్లారు. అక్కడ రోడ్డుకు అడ్డంగా తాడు, తాడు అవతల పొయ్యిలు, పొయ్యిల మీద డేగిసాలు. వంటావార్పు. ఊరు ఊరంతా రోడ్డు మీదే వండుకుని రోడ్డు మీదే తింటోంది. ఆ కాలంలో రోడ్డు ఆపడానికి రాళ్లకంటే అన్నమే బాగా పనికొచ్చింది.

"బండ్లు పోవద్దు," అన్నాడు తాడు పట్టుకున్న మనిషి. "తిని పోతమంటే ఇడుస్తం. తినకుంటే ఉద్యమానికి వ్యతిరేకమన్నట్టు."

ఇద్దరూ కూర్చున్నారు. ఆకు వేసింది ఎవరో కాదు, రాజమణే. గరిటె చేతిలో పట్టుకునే వార్త చెప్పింది. "ఓ సుజాతక్కా, ఇప్పుడే మా ఆయిన ఫోన్ జేసిండు. నీ మొగడు ట్యాంకరెక్కిండట. ఎక్కేముందు మా పెండ్లి ఏడ అయింది, మా అత్త పేరేంది అని అడిగి, అన్ని కరెక్టు చెప్పినంకనే ఎక్కిండట!"

సుజాతకు నవ్వూ వచ్చింది, కాస్త గర్వమూ కలిగింది. ఒక బీడీ కదిలింది.

వాళ్లు తింటుండగానే జనంతో కిక్కిరిసిన ట్రాక్టరొకటి వచ్చింది. తాడు పట్టుకున్నవాడు అడగనైనా అడగకుండా తాడు ఎత్తేశాడు.

"గాళ్లను తినుమనలే?" అంది సుజాత ఉక్రోషంగా.

"వాళ్లు జగిత్యాల సభకు పోతున్నరు," అన్నాడతను. "సభ బండిని ఆపుతరా ఎవలన్న?"

రుద్రంగి దగ్గర బగారా అన్నం పెట్టారు. చందుర్తి దగ్గర ఉప్మా. వేములవాడ పొలిమేరలో పులిహోర ఆకు ముందుకు వచ్చేసరికి బుర్హానుద్దీన్ స్కూటర్ హ్యాండిల్ మీద తల పెట్టుకున్నాడు.

"బిడ్డా, నాకు షుగరున్నది."

"మా ఆయినను తలుసుకొని తిను చిచ్చా. మూడేండ్లసంది రొట్టె తప్ప ఏం దొరకలే పాపం."

"ఆయిన వంతు గూడ నేనే తింటున్న గదనే," అంటూ పెద్దాయన ముద్ద కలిపాడు.

*

సిరిసిల్లలో అడుగు పెడితే మగ్గాల చప్పుడు చెవులు అదరగొట్టాలి. ఆ రోజు వీధి వీధంతా నిశ్శబ్దం. చప్పుడంతా ఒక్క టెంటులోనే ఉంది. టెంటు ముందు ఫ్లెక్సీ, ఫ్లెక్సీ కుడి చివర గుండ్రంగా బాలకిషన్ ముఖం. కింద పెద్ద అక్షరాలు: సౌదీ నుంచి సైతం సమ్మె.

మగ్గాల దగ్గర కండెలు చుట్టే కొమురవ్వ ఆ ఫ్లెక్సీ నీడలోనే కూర్చుంది. నీడ ఎటు జరిగితే తనూ అటు జరుగుతోంది. సుజాత సంగతంతా చెప్పింది. కొమురవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ తల అడ్డంగానే ఊపింది.

"నీ బాధ నాకు ఎర్కలేదా చెల్లె? నా మొగడు గూడ గాడనే ఉన్నడు. కని మైకుల జెప్పిన మాట. రేపు వాడు బండి నడిపిండని తెలిస్తే గా గుండ్రంల ఇంకొకల మొకం పెడ్తరు. మా ఇంటోళ్ల ఫొటో ఎన్నడన్న ఫ్లెక్సీ మీద జూసినమా?"

"ఫొటో ముఖ్యమా, మనిషి ముఖ్యమా అక్కా?"

"నీకు మనిషి. నాకు మనిషి ఎట్లాగూ లేడు, ఫొటో అన్న ఉండనీ."

సుజాత ఫ్లెక్సీ మీది గుండ్రాన్ని చూసింది. మూడేళ్లు తానూ ఒక ఫొటోతోనే గడిపింది.

టెంటు పెద్ద రామస్వామి మైకు పక్కన కుర్చీలో ఉన్నాడు. మగ్గం మీద నలభై ఏళ్లు గడిపి, గట్టిగా మాట్లాడితే తప్ప ఎదుటివాడికి వినపడదనే అలవాటు ఉన్నవాడు. మైకు లేకుండానే అరిచాడు.

"ఇగో, నీ మొగడు రావాలె, మాకు గూడ ఇష్టమే! కని ఒట్టంటే ఒట్టే! ఇయ్యాల ఒగనికి ఇడిస్తె, రేపు ఇంకొకడు మా మామ సచ్చిండంటడు, ఇంకొకడు మరదలు పెండ్లంటడు! గప్పుడు సమ్మె ఏడుంటది?"

టెంటులో కూర్చున్నవాళ్లంతా తలలూపారు. బుర్హానుద్దీన్ కండువాతో చెమట తుడుచుకున్నాడు. సుజాత రోడ్డు వైపు తిరిగింది. ఇక్కడా తాడు ఉంది. తాడు దగ్గర ఇద్దరు మనుషులు. అంతలో దూరంగా దుమ్ము లేచింది. జనంతో నిండిన ట్రాక్టరు. తాడు పైకి లేచింది, ట్రాక్టరు దాటింది, తాడు మళ్లీ కిందికి దిగింది.

సుజాత వెనక్కి తిరిగింది.

"అన్నా! గా ట్రాక్టరు నడిపేటోడు స్టీరింగ్ ముట్టలేదా?"

"వాడు సభకు జనాన్ని తీస్కపోతున్నడమ్మా!"

"జనాన్ని తీస్కపోయే బండికి సమ్మె లేదా?"

"ఉండదు! ఉంటె సభలకు జనం గాలిల ఎగిరి అస్తరా?"

"మా ఆయిన గాలిలనే ఎగిరి అస్తున్నడు," అంది సుజాత. "సక్కగ నీ టెంటుకే. ఇంటికి గూడ పోడు. నీ పక్కన ఉపాసం కూసుంటడు. గాయిన్ని తీస్కచ్చే బండి సభ బండి గాదా?"

టెంటులో ఎవరో చప్పట్లు కొట్టారు. కొమురవ్వ లేచి నిలబడింది.

"గట్లయితే నా మొగడు సమ్మె ఇడిసినట్టు గాదు గదా పెద్దన్నా? సమ్మెకు మనిషిని తోలినట్టే గదా?"

రామస్వామి కాసేపు ఫ్లెక్సీని చూశాడు, కాసేపు సుజాతను చూశాడు. తర్వాత మైకు అందుకున్నాడు. అరిచే గొంతుకు మైకు కూడా తోడైతే మానేరు అవతలి ఒడ్డుకు వినపడి ఉంటుంది.

"సౌదీ ఎడారి నుంచి మన హన్మంతు తమ్ముడు సమ్మెకు బయలెల్లిండు! రేపు బాలకిషన్ తమ్ముని బండి ఉద్యమం బండి! బండి అద్దానికి జై తెలంగాణ అని రాసి అంటించాలె! ఐరుపోట్ల దిగంగనే మనోళ్లు టెంటుకు తీస్కరావాలె!"

బుర్హానుద్దీన్ తన ఫోన్‌ను మైకు ముందు పట్టుకుని తాయిఫ్‌లో ఉన్న బాలకిషన్‌కు ఆ ప్రకటనంతా వినిపించాడు. అవతలి నుంచి ఒకే ప్రశ్న వచ్చింది. "ఫొటో ఉంటదా?"

"ఉంటది!" అన్నారు టెంటంతా కలిసి.

*

శుక్రవారం మధ్యాహ్నం కోరుట్లలో సుజాత చాట ముందు కూర్చుంది. రెండు బీడీలు దారం దాటాయి. మూడోది కదలడం లేదు. బుర్హానుద్దీన్ ఫోన్ మోగింది. బాలకిషన్.

"చిచ్చా, మీవోడు ఎక్కుతలేడు! ఒవైస్ నమాజుకు పోయిండు. గీయన ట్రైలర్ టైరు ఎన్క దాక్కున్నడు. నా పేరు జెప్పినా, మంచిగ మాట్లాడినా గాని ఎక్కడట, పేరు ఎవడన్న జెప్పొచ్చునట. 'మంచోళ్లైనా ఎక్కద్దన్నది మా ఆడామె' అంటున్నడు!"

సుజాత మొగుడు ఆమె మాట మొదటిసారి తూచా తప్పకుండా విన్నాడు, అదీ ఈ పూటే. ఆమె ఫోన్ లాక్కుంది.

"గాయినకు ఫోనియ్యి తమ్మీ!"

"ముట్టుకుంటలేడక్కా, ఎవల ఫోనో ఏమో అంటున్నడు. ఆయిన ఫోన్ల చార్జింగ్ లేదు."

"నువ్వు గా కాయితం అంటించినవా అద్దానికి? జై తెలంగాణ అని?"

అవతల బాలకిషన్ నసిగాడు. "ఎన్కమాల అంటించిన. ముందట పెడితే పోలీసోళ్లు ఆపుతరని."

"బండి తిప్పు. ఎన్కదిక్కు ఆయిన మొకానికి పెట్టు!"

ఇంజన్ చప్పుడు. టైర్ల కింద కంకర నలిగిన చప్పుడు. బుర్హానుద్దీన్ కళ్లు మూసుకున్నాడు. సుజాత చాటలోని మూడో బీడీని వేళ్ల మధ్య పట్టుకుని ఉంది. తర్వాత చిన్న పిల్లాడు ఎక్కాలు చదివినట్టు కూడబలుక్కుంటూ ఒక గొంతు. "జై... తె... లం... గా... ణ." మళ్లీ ఒకసారి. మళ్లీ ఇంకోసారి.

"ఏమయ్యా," అంది సుజాత. "ఎక్కినవా?"

"ఎక్కుతున్న. ఆగు." ఈసారి ఫోన్ అతని చేతిలోనే ఉంది. "మూడేండ్లయింది సుజాతా మన అక్షరం జూడక. గిది అబద్ధం జెప్పదు. అరే తమ్మీ, సముద్రం దిక్కుకెల్లి పోదామా? ఎన్నడు సూడలే నేను."

"అరేయ్, విమానం!" అని ఇక్కడి నుంచి బుర్హానుద్దీన్ అరిచాడు.

మూడో బీడీ వెళ్లి డబ్బా మూత మీద కూర్చుంది.

*

శనివారం మధ్యాహ్నం సిరిసిల్ల టెంటు ముందు జీపు ఆగింది. హన్మంతు దిగాడు. ఎండకు నల్లబడి, చిక్కిపోయి, చంకలో సంచీతో. మెడలో దండ వేశారు, నినాదాలు ఇచ్చారు, తీసుకెళ్లి పరుపు మీద కూర్చోబెట్టారు. కూర్చున్న చోటే నిద్రపోయాడు. నిద్రలో ఒకసారి గొర్రెలను అదిలించాడు కూడా.

సుజాత కూతురు శైలజతో వచ్చి కూర్చుంది. పక్కన టిఫిన్ డబ్బా, డబ్బాలో మటన్ కూర. మూత సందులోంచి వాసన వస్తోంది. హన్మంతు ముక్కు ముందు మేలుకుంది, తర్వాత కళ్లు. కూతురిని చూశాడు, పెళ్లాన్ని చూశాడు, డబ్బాను చూశాడు, చెయ్యి చాపాడు.

"ఊహు!" అన్నాడు రామస్వామి. "పొద్దుగూకేదాక ఉపాసం! మాట ఇచ్చింది నీ పెండ్లామే!"

హన్మంతు దీనంగా సుజాత వైపు చూశాడు. సుజాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బుర్హానుద్దీన్ ఒక మూలకు జరిగి కూర్చున్నాడు. దారి పొడుగునా తినీ తినీ ఆయనకు మటన్ వాసన కూడా పడటం లేదు.

ఆ సాయంత్రం పొద్దు వాలాక దీక్ష విరమింపజేయడానికి రామస్వామి నిమ్మరసం గ్లాసు సుజాత చేతికే ఇచ్చాడు. ఆమె వంగి గ్లాసును మొగుడి పెదాల దగ్గర పెట్టి ఆగింది.

"మల్ల ఎవడన్న డ్రైవర్ పనున్నది రమ్మంటే ఏమంటవు?"

"మంచోడైతే..." అన్నాడు హన్మంతు.

గ్లాసు వెనక్కి వెళ్లింది. టెంటంతా గొల్లున నవ్వింది.

"పోను! పోను! మంచోడైనా పోను!" అని హన్మంతు గ్లాసుతోపాటు ఆమె చేతిని కూడా రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. రసం తాగడం అయిపోయినా ఆ చేతిని వదల్లేదు.